‘బాగుంది’ అనకుండా చెప్పు

మీరేదో రాశారు. కథో, కవితో, కాలేజీ అసైన్‌మెంటో. ఫ్రెండుకి వాట్సాప్‌లో పంపారు. నీలం టిక్కులు పడ్డాయి. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది: ‘సూపర్’. పక్కన ఓ నిప్పు బొమ్మ.

ఇప్పుడు చెప్పండి, ఆ ఫ్రెండు చదివినట్టా, చదవనట్టా?

మన దగ్గర ఇంకొకరి రాత గురించి మాట్లాడే పద్ధతులు రెండే. ఒకటి పెళ్లి భోజనం పద్ధతి. ‘వంటలెలా ఉన్నాయండీ’ అని పెళ్లికూతురి నాన్న చేతులు కట్టుకుని అడుగుతుంటే, గుత్తొంకాయలో ఉప్పు తక్కువైందని ఎవరంటారు? ‘బ్రహ్మాండం బాబాయ్’ అనేసి చెయ్యి కడుక్కుంటాం. రెండోది ఎర్ర పెన్ను పద్ధతి. చిన్నప్పట్నుంచి మన నోటు పుస్తకాల మీద గీతలు గీసిన ఆ పెన్ను మన చేతికి వస్తే చాలు, ఒత్తులూ దీర్ఘాలూ వెతికి వెతికి సున్నాలు చుడతాం. రాసినవాళ్లు ఏం చెప్పబోయారో మనకి పట్టదు. ‘ప్రభుత్వం’లో త కింద వ ఒత్తు లేదన్న సంతోషమే వేరు!

తమాషా ఏంటంటే, ఇదే పని మనం వేరే చోట చాలా బాగా చేస్తాం. బెంజ్ సర్కిల్ దగ్గర ఏ టీ బండి ముందైనా ఫస్ట్ షో వదిలాక పది నిమిషాలు నిలబడండి. ‘ఫస్టాఫ్ కూర్చోబెట్టాడ్రా. ఇంటర్వెల్ తర్వాత ఆ పాట రాగానే ఫోన్ తీశా. క్లైమాక్స్‌లో తండ్రి తలుపు తీసినప్పుడు మాత్రం గొంతు పట్టేసింది.’ ఎక్కడ కూర్చున్నాడు, ఎక్కడ ఫోన్ తీశాడు, ఎక్కడ గొంతు పట్టింది, అన్నీ చెప్పేశాడు. ఏ డైరెక్టరుకైనా ఇంతకంటే పనికొచ్చే మాట ఉంటుందా? మరి అదే కుర్రాడికి ఫ్రెండు రాసిన రెండు పేజీలిస్తే నోట్లోంచి ‘బాగుంది బ్రో’ తప్ప ఇంకేం రాదు.

పీటర్ ఎల్బో అని అమెరికాలో ఒక ఇంగ్లిష్ మాస్టారు ఉండేవారు. 1973లో ఆయన ‘రైటింగ్ వితౌట్ టీచర్స్’ అని పుస్తకం రాశారు. టీచర్ లేకుండా కొంతమంది కూర్చుని ఒకరి రాతలు ఒకరు చదువుకుని బాగుపడొచ్చన్నది అందులో సంగతి. తీర్పు చెప్పకండి, చదువుతున్నంతసేపూ మీ మనసులో ఏ సినిమా నడిచిందో అది చెప్పండి అంటారాయన. సినిమా అన్న పోలిక ఆయనదే. బెజవాడ కుర్రాళ్లకి ఆ పుస్తకం అక్కర్లేదు. టీ బండి దగ్గర చేసేది కాగితం దగ్గర చేస్తే చాలు.

నేను దీన్ని కాగితం దగ్గర చూసింది డిగ్రీ సెకండియర్‌లో. అంతకుముందు ఇంటర్ రెండేళ్లు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివా. పొద్దున ఐదున్నరకి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్. మార్కులొస్తాయని తెలుగు తీసేసి సంస్కృతం పెట్టారు. ఆ రెండేళ్లలో నా సొంత వాక్యం ఒక్కటి రాసిన గుర్తు లేదు. కాబట్టి డిగ్రీలో మా తెలుగు మేడమ్ ‘రాసింది పక్కవాళ్లకివ్వండి’ అన్నప్పుడు మాకెవరికీ అర్థం కాలేదు. దిద్దడానికా మేడమ్? అంటే, కాదు, చదవడానికి అన్నారు.

అది 2024 అక్టోబరు. ఆ సెప్టెంబరు 1, ఆదివారం, విజయవాడలో ఏం జరిగిందో మీలో చాలామంది రీల్స్‌లో చూసే ఉంటారు. బుడమేరు కట్టకి గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ నీళ్లలో మునిగాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద. 1957లో బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. అటు కృష్ణ, ఇటు బుడమేరు, మధ్యలో ఊరు. పడవల్లో పాలు, డ్రోన్లతో అన్నం పొట్లాలు. బుడమేరుని బెజవాడ దుఃఖదాయిని అని ఎందుకంటారో మా తరానికి అప్పుడే తెలిసింది.

మేడమ్ ఇచ్చిన టాపిక్ ‘నీళ్లు’. అంతే, ఒక్క మాట. ఒకటిన్నర పేజీ. రాశాక పక్కవాళ్లకివ్వాలి. చదివేవాళ్ల చేతిలో పెన్సిలే ఉండాలి, ఎర్ర పెన్ను కనిపిస్తే కిటికీలోంచి పారేస్తానన్నారు. బాగుంది, బాగోలేదు, ఈ రెండు మాటలూ నిషేధం. చదువుతుంటే ఎక్కడ ఆగారో అక్కడ చిన్న చుక్క. చివర్లో ఒకే ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్న కూడా నిజంగా మీకు జవాబు తెలియనిదై ఉండాలి.

మా క్లాసులో అందరికీ ఊరి పేర్లే ముద్దుపేర్లు. నేను ఉయ్యూరు. నా బెంచీలో అమ్మాయి నాగాయలంక. నాకు కాగితం ఇచ్చిన అబ్బాయి సింగ్‌నగర్. అవును, ఆ సింగ్‌నగరే.

వాడి కాగితం తీసుకుంటున్నప్పుడు నా చెయ్యి కాస్త వణికింది. ఏం చదవబోతున్నానో అని. తీరా చూస్తే అచ్చం పదో తరగతి వ్యాసం. ఉపోద్ఘాతం, కారణాలు, నష్టాలు, నివారణోపాయాలు, ముగింపు. ‘తీవ్ర ఆస్తినష్టం వాటిల్లింది’, ‘జనజీవనం అస్తవ్యస్తమైంది’. ఒక్క అక్షరం తప్పు లేదు. గుజరాత్‌లో కూర్చున్నవాళ్లు కూడా ఏ ఊరి గురించైనా అదే రాయొచ్చు. చుక్క పెట్టడానికి నాకు చోటే దొరకలేదు. ఎక్కడా ఆగలేదు మరి.

చివర్లో పెన్సిల్‌తో రాశా: ‘మీ ఇంట్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?’

వాడు చూసుకున్నాడు. ముఖం ఎర్రబడింది. ‘స్విచ్‌బోర్డు దాకా. చాలా?’ అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికెళ్లిపోయాడు. కారిడార్‌లోంచి వినిపించింది, ‘రిపోర్టర్లంతా అయ్యారు, ఇప్పుడు ఉయ్యూరు కూడా’ అని ఎవరితోనో అంటున్నాడు.

ఈ సంగతి ఎవరికి చెప్పినా ‘పాపం, ఎందుకడిగావే’ అంటారు. అడగడం తప్పని నేనప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. బాధపడ్డవాణ్ని కదపకూడదన్న మర్యాద ఒకటుంది, నిజమే. కానీ ఆ మర్యాద పేరుతో మనం వాడికి చేసేదేంటి? వాడు రాసిన ‘తీవ్ర ఆస్తినష్టం’ చదివి ‘బాగుంది’ అని పెట్టేస్తాం. అంటే, నీ ఇంటి సంగతి నాకు తెలియక్కర్లేదు, ఈ మాటలు చాలు అని చెప్పినట్టే కదా. జవాబు చెప్పాలా వద్దా అన్నది వాడిష్టం. మేడమ్ కూడా అదే అన్నారు: ప్రశ్న అడగొచ్చు, జవాబు కోసం వెంటపడకూడదు. నేను వెంటపడలేదు. మర్నాడు క్యాంటీన్‌లో ఎదురైతే ‘సమోసా తింటావా’ అన్నా. వద్దన్నాడు.

మూడో రోజు నా బెంచీ మీద ఒక కాగితం పెట్టి వెళ్లాడు. ఒక్క పేజీ. అందులో వరద అన్న మాటే లేదు.

వాళ్లమ్మగారు ఇంట్లోనే జాకెట్లు కుడతారు. వినాయక చవితి ఆ ఏడాది సెప్టెంబరు 7. ముందు వారం కాబట్టి ఇంటినిండా పని. కత్తిరించినవి, కుట్టినవి, హుక్కులు కుట్టాల్సినవి, ఫాల్స్‌కి వచ్చిన చీరలు. ఆదివారం పొద్దున నీళ్లొస్తుంటే నాన్న గ్యాస్ సిలిండరెత్తారు, వీడు సర్టిఫికెట్ల ఫైలు ఎత్తాడు. అమ్మ మాత్రం ఆది జాకెట్ల మూట ఎత్తింది. (తెలియనివాళ్లకి: కొలత కోసం మనం టైలరుకిచ్చే పాత జాకెట్టుని ఆది జాకెట్టు అంటారు.) కొత్త బట్టలు కాదు, పాత జాకెట్లు! ఎందుకమ్మా అంటే, ‘గుడ్డ పోతే గుడ్డ కొనిస్తాం. ఆది పోతే వాళ్ల కొలత ఎక్కణ్నించి తెస్తాం’ అందట. పై వాటా వాళ్లింట్లో మూడు రాత్రులు ఆ మూట మీద తల పెట్టుకుని పడుకుంది. మిషను కింద నీళ్లలో ఉండిపోయింది. నీళ్లు తీశాక, బురద పట్టిన చీరలు తెచ్చుకోవడానికి ఊళ్లో మునగని వైపు నుంచి మనుషులొచ్చారు. కొందరు డబ్బులొద్దన్నారు. కొందరు తీసుకున్నారు. ఎవరెవరు తీసుకున్నారో ఆ కాగితంలో లేదు.

నేను చదువుతూ ఆరు చోట్ల చుక్క పెట్టా. మూట దగ్గర పెన్సిల్ గట్టిగా గుచ్చుకుంది.

ఇక్కడ కొంచెం పక్కకెళ్తా, తిట్టుకోకండి.

రాసింది తోటివాడికి వినిపించి సరిచేసుకోవడం మన కృష్ణా జిల్లాకి అమెరికా నుంచి రాలేదు. బందరు హిందూ హైస్కూల్లో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు తెలుగు పండితులుగా ఉన్న రోజుల్లో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లలో విశ్వనాథ సత్యనారాయణ ఉన్నారు, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు ఉన్నారు. పింగళి, కాటూరి తర్వాత జంటకవులయ్యారు. ఇద్దరూ కలిసి ‘సౌందరనందం’ కావ్యం రాశారు. మా ఉయ్యూరు పక్కనే కాటూరు, అందుకే ఈ జంట మీద నాకు కాస్త సొంత అభిమానం. వాళ్ల గురువుగారు కూడా జంటలో సగమే, తిరుపతి వేంకట కవుల్లో వేంకట కవి. జంటగా రాయడమంటే ఏంటో ఆలోచించండి. పద్యం లోకానికి వెళ్లేలోపే ఒక పాఠకుడు పక్కనే కూర్చుని ఉంటాడు. వాడికి నచ్చకపోతే ముందుకి కదలదు. బయటికొచ్చాక ఏ పద్యం ఎవరిదో చెప్పరు కాబట్టి ‘నాది దిద్దాడు’ అన్న ఉక్రోషానికీ చోటు లేదు.

తిరుపతి వేంకట కవులు ఊరూరా చేసిన అవధానంలో ఇంకో మెలిక ఉంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులుంటారు కదా. అందులో నిషిద్ధాక్షరి అడిగేవారి పని, అవధాని నోట్లోంచి తర్వాత రాబోయే అక్షరాన్ని పసిగట్టి అది వద్దనడం. అడ్డం పడటమే వారి ఉద్యోగం. కానీ అడ్డం పడాలంటే పద్యం ఎటు పోతోందో అవధాని అంత శ్రద్ధగానూ గమనించాలి. నిద్రపోతూ అడ్డం పడలేరు. మనం ఫ్రెండు రాతకి చేసే విమర్శల్లో సగం నిద్రపోతూ అడ్డం పడ్డవే. ఇంకోటి: అవధాని ఆ ఆటకి ఒప్పుకుని వేదికెక్కారు. క్లాసులో మూడో బెంచీ అమ్మాయి ఒప్పుకోలేదు. అందుకే నలుగురిలో చింపి చాకిరేవు పెట్టడాన్ని నేను అవధానమని ఒప్పుకోను.

మన స్కూలు పుస్తకాల్లో కూడా ఈ పద్ధతి ఉండేది, తెలుసా? 2012 ప్రాంతంలో మారిన సర్కారు బడి ఇంగ్లిష్ పుస్తకాల్లో రాత పనికి ఒక వరస పెట్టారు. ముందు ఎవరికి వాళ్లు రాయాలి, తర్వాత గ్రూపులో పంచుకోవాలి, గ్రూపంతా కలిసి ఒకటి తయారుచేయాలి, టీచరు తన రాత చూపించాలి, చివర్లో అందరూ కలిసి ఎడిట్ చేయాలి. నాగాయలంక జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివింది. ‘మా ఇంగ్లిష్ సారు నిజంగానే చేయించేవారే. నేల మీద గుండ్రంగా కూర్చునేవాళ్లం’ అంది. మంచి ర్యాంకులని ఫీజులు కట్టి చదివిన నాకు ఆ గుండ్రం దొరకలేదు. అది చెప్పినప్పుడు నాకు కుళ్లు పుట్టింది. చాలా బళ్లలో మాత్రం ఎఫ్ఏ మార్కుల టైముకి గైడు చూసి ఎక్కించేస్తారన్నది మా క్లాసులో సగం మంది చెప్పిన మాట.

నాగాయలంక రాసిన ‘నీళ్లు’ వేరే కథ. దివిసీమ పిల్ల కదా, వాళ్ల అమ్మమ్మ చెప్పిన ఉప్పెన గురించి రాసింది. 1977 నవంబరు 19. పదివేల మందికి పైగా పోయిన రాత్రి. దాన్ని అమ్మమ్మ మాటల్లోనే రాసింది, ‘సముద్రం లేచొచ్చింది’, ‘తాటిచెట్టుకి కట్టేసుకున్నాం’, ‘కరకట్ట మీదికొచ్చి పడ్డాం’ అని. ఆ కాగితం వెనక బెంచీ వాళ్లకెళ్లింది. నియమం చెప్పినా వాళ్ల చెయ్యి ఆగలేదు. ‘వొచ్చింది’ని ‘వచ్చింది’ చేశారు, ‘పోయినోళ్లు’ని ‘మరణించినవారు’ చేశారు. ఇది పంతానికి పోయి ఆ రాత్రి చాట్‌జీపీటీకిచ్చింది. అది ‘చాలా హృద్యంగా రాశారు’ అని మెచ్చుకుని, కరకట్టని నది ఒడ్డు చేసి పెట్టింది. ఒడ్డు వేరు, కరకట్ట వేరు. కరకట్ట మనుషులు వేసిన మట్టికట్ట, ఊరికీ నీటికీ మధ్య ఉండేది. దాని మీదికెక్కినవాళ్లు బతికారంటే అర్థముంది. ఒడ్డు మీదికెక్కారంటే ఏముంది?

‘అందరూ మా అమ్మమ్మ మాట దిద్దారే. మా అమ్మమ్మ ఏమందో ఒక్కళ్లూ వినలేదు’ అంది నాగాయలంక. ఫీడ్‌బ్యాక్ గురించి నేను విన్న మాటల్లో ఇదొకటే నాకు బాగా గుర్తుండిపోయింది.

అందుకే సింగ్‌నగర్ తన రెండో కాగితాన్ని క్లాసులో చదువుతానన్నప్పుడు నాకు భయమేసింది. చదివాడు. గొంతు పెద్దగా మారలేదు, హాజరు పట్టీ చదివినట్టు చదివాడు. అయిపోయాక ఎవరూ మాట్లాడలేదు. వెనకనుంచి ఒకడు ‘సూపర్ బ్రో’ అన్నాడు. మేడమ్ వాడికేసి చూశారు. వాడు తల దించుకున్నాడు. అలవాటు, పాపం, వాడి తప్పేం లేదు.

అప్పుడు నాగాయలంక లేచింది. ‘నువ్వు మూట అన్నప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమె కూడా పోయినోళ్ల గురించి చెప్పదు. ఎప్పుడడిగినా బర్రెల పేర్లు చెప్తది. గౌరి, లచ్చి, ఇంకోటి దేవుడిచ్చింది. అదేంటో నాకిన్నాళ్లూ తెలీలా. ఇప్పుడు తెలిసింది.’

అంతే అంది, కూర్చుంది. బాగుందనలేదు, బాగోలేదనలేదు. వాడు ఆమె వైపు చూసి చిన్నగా తలూపాడు. వాడి కాగితం ఏం చేసిందో వాడికి అప్పుడు తెలిసిందనుకుంటా. లైకులెన్నొచ్చినా అది తెలియదు.

సరే, పుచ్చుకునే వైపు ఎలా ఉంటుంది? నాది కూడా చదివారుగా. నా ‘నీళ్లు’ మా ఉయ్యూరు వీరమ్మతల్లి తిరనాళ్ల గురించి. తిరనాళ్లలో నీళ్లేంటంటారా, చలివేంద్రం దగ్గర మా తాతయ్య కుండలు నింపేవారు, అదీ సంగతి. సింగ్‌నగర్ దాన్ని చదివి శిడిబండి వచ్చే పేరా పక్కన చుక్క పెట్టాడు. ‘ఇక్కడ నాకు తాతయ్య తప్పిపోయారు. జనంలో ఎక్కడున్నారో వెతుక్కున్నా. ఆ పేరా తీసెయ్’ అన్నాడు.

అందులో రెండు ముక్కలున్నాయి. తాతయ్య తప్పిపోయారన్నది వాడికి జరిగిన విషయం. దాంతో నేను వాదించలేను. చదివినవాడికి తప్పిపోయారంటే తప్పిపోయారంతే, నేను పక్కన నిలబడి ‘లేదు లేదు, అక్కడే ఉన్నారు, సరిగ్గా చూడు’ అనలేను. పేరా తీసెయ్ అన్నది మాత్రం వాడి సలహా. శిడిబండి లేని ఉయ్యూరు తిరనాళ్లని మా ఊళ్లో ఎవరికి చూపించాలి? పేరా తియ్యలేదు. తాతయ్యనే ఆ జనంలోకి తీసుకొచ్చా, భుజాన కావడితో, ‘జరగండమ్మా జరగండి’ అంటూ. వాడికి మళ్లీ ఇస్తే ఈసారి చుక్క అక్కడే పెట్టాడు, కానీ ‘దాహమేసింది’ అని రాశాడు.

అప్పట్నుంచి ఎవరు ఏం చెప్పినా ఈ రెండు ముక్కల్నీ విడదీసుకుని వింటున్నా. ‘బోర్ కొట్టింది’ అంటే నమ్ముతా. ‘ప్రేమకథ పెట్టు’ అంటే నవ్వి ఊరుకుంటా. నోరు మూసుకుని వినడం కూడా నేర్చుకోవాల్సిన పనే. అయోవాలో 1936 నుంచి నడుస్తున్న రైటర్స్ వర్క్‌షాప్ ధోరణిలో నడిచే క్లాసుల్లో మిగతావాళ్లు మాట్లాడుతున్నంతసేపూ రాసినవాళ్లు నోరు విప్పకూడదన్న ఆనవాయితీ ఉంది. దాని మీద అక్కడే విమర్శలున్నాయి. నోరు మూయించడం వల్ల నష్టపోయేది ఎప్పుడూ క్లాసులో తక్కువ బలం ఉన్నవాళ్లేనని. నాకూ అందులో న్యాయం కనిపిస్తుంది. కరకట్ట అంటే ఏంటో చెప్పడానికి నాగాయలంక నోరు విప్పాల్సిందే కదా. మేం మధ్యేమార్గంగా ఐదు నిమిషాలు పెట్టుకున్నాం. ఐదు నిమిషాలు వినాలి, తర్వాత మాట్లాడొచ్చు. ఆ ఐదు నిమిషాలకి సింగ్‌నగర్ ఫోన్లో టైమర్ పెడతాడు.

ఇప్పుడు మేం ఐదుగురం. నెలకి రెండు శనివారాలు కలుస్తాం, ఒక్కోసారి ఫోన్లోనే. మేడమ్ లేరు, మార్కుల్లేవు. ఒకబ్బాయి రెండుసార్లు వచ్చి మానేశాడు, ‘మీరు మెచ్చుకోరు’ అన్నాడు. నిజమే, వెళ్లనిచ్చాం. అందరికీ సరిపడే పని కాదిది, సరిపడాలని రూలూ లేదు.

పోయిన నెల సింగ్‌నగర్ ఆ ఆది జాకెట్ల కాగితాన్ని వాళ్లమ్మగారికి చదివి వినిపించాడు. ఇన్నాళ్లూ ఆమెకి చూపించలేదట. ఆమె మిషను తొక్కుతూనే విన్నారట, కొత్త మిషను, వాయిదాల మీద కొన్నది. ఎక్కడా ఆపలేదు. అయిపోయాక దారం పళ్లతో తెంపి అన్నారట: ‘కరెంటాఫీసులో చేసే ఆవిడ చీర ఆకుపచ్చని రాశావ్. ఆకుపచ్చ కాదురా, నెమలికంఠం. ఆకుపచ్చది ఆమె చెల్లెలిది. దానికింకా డబ్బులివ్వాలి.’

రంగు మార్చాడు. చెల్లెలి చీరకి ఒక వాక్యం కలిపాడు. నిన్న రాత్రి మా గ్రూపులో పెట్టాడు. నేనింకా రెండో పేరా దగ్గరే ఉన్నా.